‘బాల్చీ తన్నేశాడు’ అనవచ్చునా?

ఈ నెల మా బల్ల మీదికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి మమ్మల్ని ముందు నవ్వించింది, ఆ తరువాత చాలాసేపు ఆలోచింపజేసింది. వ్రాసినది కృష్ణా తీరాన ఒక చిన్న ఊరి సహోదరి. బి.ఎస్సీ. నర్సింగ్ పూర్తి చేసి నాలుగు సంవత్సరాలుగా ఒక ఆస్పత్రిలో పని చేస్తున్నారు. ఇంగ్లండులో నర్సుగా చేరాలని ఆమె కోరిక. దాని కొరకు ఐ.ఇ.ఎల్.టి.ఎస్. అనే ఇంగ్లీషు పరీక్షకు రెండుసార్లు కూర్చున్నారు. చదవడం, వినడం, వ్రాయడం మూడూ గట్టెక్కాయి. మాట్లాడే పరీక్షలో మాత్రం రెండుసార్లూ ఆరున్నర దగ్గరే బండి ఆగిపోయింది. కావలసినది ఏడు.

“ఆ అర బ్యాండు కొరకు నాన్నగారు రెండుసార్లు అప్పు చేసి ఫీజు కట్టారు. మూడోసారి అడగడానికి నాకు నోరు రావడం లేదు” అని వ్రాశారు. ఆ వాక్యం దగ్గర మేము ఆగిపోయాము. మన సంఘాలలో ఈ వాక్యం వ్రాయగల ఇళ్ళు ఎన్ని ఉన్నాయో మాకు కొంత తెలుసు.

ఇక నవ్వు వచ్చిన సంగతి. శిక్షణ ఇచ్చినవారు ఆమె చేతికి రెండు వందల ఇంగ్లీషు జాతీయాలున్న చిన్న పుస్తకం ఇచ్చి, ఇవి వాడితేనే ఏడు వస్తుందని చెప్పారట. ఆమె రాత్రి డ్యూటీలలో కూర్చుని అన్నీ కంఠస్థం చేశారు. పరీక్షలో వచ్చిన కార్డు మీద ‘మీరు గౌరవించే ఒక పెద్దమనిషిని గూర్చి చెప్పండి’ అని ఉంది. ఆమె తమ తాతగారిని గూర్చి చెప్పారు. ఆయన నలభై ఏళ్ళు సంఘ పెద్దగా ఉన్నారని, ఊరిలో ఎవరింట కష్టం వచ్చినా మొదట వెళ్ళేది ఆయనేనని చక్కగా చెప్పుకుంటూ వచ్చి, చివరికి “హి కిక్డ్ ద బకెట్ ఇన్ 2018” అన్నారు.

పరీక్షకురాలు ఒక్క క్షణం తలెత్తి చూశారట. ఎందుకు చూశారో ఆమెకు అర్థం కాలేదు. ఇంటికి వచ్చి లీడ్స్‌లో ఉన్న పెదనాన్నగారి అమ్మాయికి ఫోను చేసి చెబితే, అవతల అక్క నవ్వు ఆపుకోలేకపోయిందట. “ఆ మాట పుస్తకంలో ఉన్నదే కదండీ? ‘చనిపోవుట’ అని అర్థం కూడా వ్రాసి ఉంది. మరి నేను చేసిన తప్పేమిటి? అసలు జాతీయాలు వాడాలా, మానాలా? వాడితే ఎన్ని?” ఇదీ ఆమె ప్రశ్న.

అమ్మా, మీరు చేసిన తప్పేమిటో తెలుగులో చెబితే ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది. ‘బాల్చీ తన్నేశాడు’ అనే మాట మనకూ ఉంది కదా! సినిమాలలో, కాలేజీ కుర్రవాళ్ళ మాటలలో వింటుంటాము. ఆ ఇంగ్లీషు మాటే మనవాళ్ళ నోట తెలుగైంది. ఇప్పుడు ఆలోచించండి. మీ తాతగారి సంస్మరణ కూడికలో ఎవరైనా లేచి, “నలభై ఏళ్ళు ఈ సంఘానికి పెద్దగా ఉండి, 2018లో బాల్చీ తన్నేశారు” అంటే మీ నానమ్మగారు ఏమనుకుంటారు? ‘చేశారు’ అని బహువచనం పెట్టినంత మాత్రాన ఆ మాటకు మర్యాద వస్తుందా?

చావును చెప్పడానికి మన తెలుగులోనే ఎన్ని మాటలున్నాయో చూడండి. ప్రభువునందు నిద్రించారు, కన్నుమూశారు, కాలం చేశారు, పోయారు, చచ్చాడు, టపా కట్టేశాడు. అర్థం అన్నిటికీ ఒకటే. అయితే ఏ మాట ఎవరి విషయంలో, ఎవరి ఎదుట అనాలో మనకు ఎవరూ పుస్తకం పెట్టి నేర్పలేదు. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే వింటూ పెరిగాము. ‘పోయారు’ అనవలసిన చోట ‘పోయాడు’ అన్నందుకు మొట్టికాయ తిన్నవాళ్ళము కూడా ఉన్నాము. ఆ రెండు వందల జాతీయాల పుస్తకంలో అర్థాలున్నాయి గాని మొట్టికాయలు లేవు. అదే చిక్కు.

మీ తాతగారి విషయంలో ‘హి పాస్డ్ అవే’ అంటే సరిపోయేది. సాదా మాట, ఎంత పెద్దవారి యెదుటనైనా చెల్లుతుంది. ‘హి డైడ్’ అన్నా తప్పేమీ లేదు.

ఇక్కడ మా సంగతి కూడా ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ళ క్రితం ఇంగ్లండు నుండి ఒక అతిథి మా ఊరు వచ్చినప్పుడు, పాత ఫోటో ఒకటి చూపిస్తూ మేము ఎంతో గంభీరంగా “హి ఎక్స్‌పైర్డ్ లాస్ట్ ఇయర్” అన్నాము. ఆయన మర్యాదస్థుడు గనుక ఏమీ అనలేదు. తరువాత భోజనాల దగ్గర మెల్లగా చెప్పారు, వాళ్ళ ఊళ్ళో ఈ రోజుల్లో మామూలు మాటలలో ‘ఎక్స్‌పైర్’ అయ్యేది పాల ప్యాకెట్టు, పాస్‌పోర్టు అని. మన పత్రికలలో, ఆస్పత్రులలో ఆ మాట ఎంత వాడుకలో ఉన్నదో మీకు తెలుసు. మేము దానిని మంచి మర్యాదగల ఇంగ్లీషు అనుకునే పెరిగాము.

సరే, పరీక్ష నిజంగా ఏమి అడుగుతుందో చూద్దాము. ఈ భాగం ఉన్నది 11 నుండి 14 నిమిషాలు మాత్రమే. మొదట నాలుగైదు నిమిషాలు మీ ఊరు, ఇల్లు, పని, అలవాట్లను గూర్చి అడుగుతారు. తరువాత ఒక కార్డు ఇచ్చి, ఆలోచించుకోవడానికి ఒక్క నిమిషం ఇస్తారు. మీరు ఒకటి రెండు నిమిషాలు ఆ విషయం మీద మాట్లాడాలి. చివర మరో నాలుగైదు నిమిషాలు అదే విషయాన్ని ఇంకొంచెం లోతుగా చర్చిస్తారు. మార్కులు వేసేది నాలుగు అంశాల మీద. తడబడకుండా పొందికగా మాట్లాడడం, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ. నాలుగింటికీ సమానమైన విలువ. నాలుగు అంశాల బ్యాండుల సరాసరే మీకు వచ్చే బ్యాండు.

కాబట్టి జాతీయాలనేవి ఆ నాలుగింటిలో ఒకటైన పదసంపదలో, అందులోనూ ఒక భాగం. పదసంపదకు ఏడు రావాలంటే ఏమి ఉండాలో పరీక్ష నడిపేవారే బహిరంగంగా ప్రచురించారు. అంత సామాన్యం కాని మాటలు, నుడికారపు మాటలు కొన్ని వాడగలగాలి. సందర్భానికి తగిన తీరు కొంత తెలిసి ఉండాలి. అక్కడక్కడ మాట ఎంపిక తప్పినా ఏడుకు అడ్డం రాదు. గనుక అమ్మా, ఆ ఒక్క బకెట్టు వల్లే మీ బ్యాండు పోయిందని దిగులు పడకండి. ఒక్క మాటతో పోయేది కాదు.

అయితే ‘నుడికారపు మాటలు’ అన్న చోటే చాలామంది దారి తప్పుతున్నారు. నుడికారం అంటే బకెట్లు, పిల్లులు, కుక్కలు అనుకుంటారు. వాన అనగానే ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ అంటారు. మన పాఠ్యపుస్తకాలు తరతరాలుగా నేర్పిన మాట అది. ఇంగ్లండులో దాన్ని అందరూ ఎరుగుదురు గాని, కిటికీలోంచి వాన చూస్తూ నిజంగా ఆ మాట అనేవారు తక్కువ. ‘ఇట్స్ పోరింగ్’ అంటారు, అంతే. మనం ‘కుండపోత’ అన్నట్లే.

అసలైన నుడికారం అంతకంటే చిన్నచిన్న మాటలలో ఉంది. చూడండి, తెలుగులో మనకు ‘చేయుట’ ఒక్కటే ఉంది. తప్పు చేశాను, సహాయం చేశాను, అన్నీ చేశాను. ఇంగ్లీషువాడికి రెండు. తప్పుకు ‘మేక్’, పనికి ‘డు’. కాబట్టి మన నోట ‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ అని వస్తుంది. వ్యాకరణం చూస్తే తప్పు కనబడదు, నుడికారం చూస్తే తప్పు. అలాగే మనం ఫ్యాను ‘వేస్తాము’. అందుకని ‘పుట్ ద ఫ్యాన్’ అంటాము. వాళ్ళు ‘టర్న్ ఆన్’ అంటారు. మనకు జ్వరం ‘వస్తుంది’. అందుకని ‘ఫీవర్ కేమ్ టు మి’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళ దగ్గర మనిషే జ్వరంలోకి దిగుతాడు, ‘ఐ కేమ్ డౌన్ విత్ ఎ ఫీవర్’ అంటారు. ఈ ‘కేమ్ డౌన్ విత్’ సహజంగా అన్నవాడు, పిల్లులూ కుక్కలూ కురిపించినవాడికంటే ఎంతో మెరుగు.

మీ వార్డులో రోజూ జరిగేవే తీసుకోండి. చేతి తొడుగులు అయిపోయాయి, ‘వి ర్యాన్ అవుట్ ఆఫ్ గ్లవ్స్’. కొత్తగా వచ్చిన సిస్టరుతో బాగా కుదిరింది, ‘ఐ గెట్ ఆన్ విత్ హర్’. రాత్రి డ్యూటీలు భరిస్తున్నాను, ‘ఐ పుట్ అప్ విత్ నైట్ డ్యూటీస్’. డాక్టరు అవుదామనుకుని చివరికి నర్సునయ్యాను, ‘ఐ ఎండెడ్ అప్ యాజ్ ఎ నర్స్’. ఇవన్నీ నుడికారాలే. ఇలాంటివి ఓ ముప్పై మీ జీవితంలోంచే ఏరుకుంటే పరీక్షలో వెతుక్కోనక్కరలేదు. మీ బ్రతుకు చెబుతుంటే వాటంతట అవే వస్తాయి.

కంఠస్థం చేసిన రెండు వందలతో ఇంకో నష్టం కూడా ఉంది. మాట్లాడుతూ మాట్లాడుతూ, ‘ఇక్కడ ఒకటి దూర్చాలి’ అని మనసు పుస్తకంలోకి పరుగెడుతుంది. మాట ఆగుతుంది. పదసంపదలో సంపాదించబోయి మొదటి అంశమైన ధారాళతలో పోగొట్టుకుంటాము. పైగా ఎదుట కూర్చున్నవారు రోజూ ఇదే పని చేసేవారు. వల్లె వేసిన మాటకూ, మనసులోంచి వచ్చిన మాటకూ తేడా వాళ్ళకు ఇట్టే తెలుస్తుంది. ప్రార్థన వింటున్నప్పుడు మనకు తెలియడం లేదూ?

మన తెలుగువాళ్ళకు ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. మన భాషలో ‘ఎ’, ‘ద’ లాంటి చిన్న మాటలు లేవు గనుక మనం వాటిని సులభంగా మింగేస్తాము. మామూలు వాక్యంలో అది చిన్న తప్పు. జాతీయంలో అది పెద్దగా కనబడుతుంది. ఎందుకంటే జాతీయం రాతిలో చెక్కినట్లు ఉంటుంది, అక్షరం కదలకూడదు. ‘చావు తప్పి కన్ను లొట్టపోయింది’ అనడానికి బదులు ఎవరైనా ‘చావు తప్పి కళ్ళు లొట్టపోయాయి’ అంటే మనకు ఎలా ఉంటుంది? ఒంట్లో నలతగా ఉంది అనడానికి ‘అండర్ ద వెదర్’ అంటారు. అందులో ‘ద’ జారిపోతే అంతే. ఇంకో తమాషా చూడండి. ‘నెక్ పెయిన్’ అంటే మెడనొప్పి. ‘ఎ పెయిన్ ఇన్ ద నెక్’ అంటే మన ప్రాణం తీసే మనిషి. రోగి మెడ పట్టుకుని చెబుతున్నాడా, పక్క మంచం ఆయనను చూపించి చెబుతున్నాడా అన్నది నర్సు గమనించుకోవాలి!

ఆ మాటకు వస్తే, జాతీయాలు మనం వాడడం కంటే అవి వచ్చినప్పుడు మనకు అర్థం కావడం వెయ్యి రెట్లు ముఖ్యం. పరీక్ష ఒక్క రోజు. వార్డు ప్రతి రోజూ. ముసలివాళ్ళు పుస్తకాల ఇంగ్లీషు మాట్లాడరు. ఒక పెద్దావిడ సిగ్గుపడుతూ ‘ఐ నీడ్ టు స్పెండ్ ఎ పెన్నీ’ అంటుంది. పైసలు కావాలనుకుని మీరు ఆవిడ పర్సు అందించారనుకోండి, ఆవిడ అవస్థ ఏమి కావాలి? పూర్వం ఇంగ్లండులో ఊరుమ్మడి మరుగుదొడ్ల తలుపుకు ఒక పెన్నీ నాణెం వేస్తేనే గడియ తెరుచుకునేది. ఆ నాణెం పోయింది, మాట మిగిలింది. ‘నేను పూర్లీగా ఉన్నాను’ అంటే బీదగా ఉన్నానని కాదు, ఒంట్లో బాగాలేదని. ‘ఐ కేమ్ ఓవర్ ఆల్ ఫన్నీ’ అంటే నవ్వు వచ్చిందని కాదు, ఉన్నట్టుండి కళ్ళు తిరిగినట్లయిందని. దీనికి నవ్వి ఊరుకుంటే ప్రమాదం. ‘బంగ్డ్ అప్’ అంటే ముక్కు దిబ్బడ కావచ్చు, మలబద్ధకం కావచ్చు, అడిగి తెలుసుకోవాలి. ‘పిన్స్ అండ్ నీడిల్స్’ అంటే కాళ్ళకో చేతులకో తిమ్మిరెక్కడం. సూది పొడిచారని ఫిర్యాదు కాదు. ‘ఆన్ ద మెండ్’ అంటే కోలుకుంటున్నానని. ఇది విన్న రోజు సంతోషించండి.

మనం మాట్లాడే ఇంగ్లీషులోనూ కొన్ని గోతులున్నాయి. ‘నేను 2019లో పాసవుట్ అయ్యాను’ అంటాము, కాలేజీ ముగించానని. అక్కడ ‘పాస్డ్ అవుట్’ అంటే స్పృహ తప్పి పడిపోయాడని. ‘పాస్డ్ అవే’ అంటే పోయారని. ‘అవుట్’కూ ‘అవే’కూ ఉన్న దూరం చావు బ్రతుకులకు ఉన్నంత దూరం. ఒక రోగి కొడుకుకు ఫోనులో ఈ రెండింటిలో ఒకటి చెప్పబోయి ఇంకొకటి చెబితే ఏమవుతుందో ఊహించండి. ‘లూజ్ మోషన్స్’ అన్నదీ మన దేశపు మాటే. అక్కడి రోగి ‘ద రన్స్’ అంటాడు, లేదా ‘అప్‌సెట్ టమ్మీ’ అంటాడు.

ఇదంతా చదివి, ‘అయితే నేను ఐ.ఇ.ఎల్.టి.ఎస్. బదులు ఓ.ఇ.టి. వ్రాస్తే?’ అని అడిగేవారు ఉంటారు. ఆరోగ్య వృత్తులలో ఉన్నవారి కొరకే ఏర్పరచిన పరీక్ష అది. ఇంగ్లండులో నర్సులను నమోదు చేసే కౌన్సిలు 2017 నుండి దానిని కూడా అంగీకరిస్తోంది. అందులో మాట్లాడే భాగంలో రెండు సన్నివేశాలుంటాయి. మీరు నర్సు, ఎదుటివారు రోగి గాని, రోగి బంధువు గాని. కార్డు చదువుకోవడానికి మూడు నిమిషాలు, సన్నివేశానికి దాదాపు ఐదు నిమిషాలు. అక్కడ భాష సందర్భానికి తగినదా కాదా అన్నది ప్రత్యేకంగా ఒక అంశం. వైద్యపు మాటలను రోగికి అర్థమయ్యేటట్లు విడమరిచి చెప్పగలరా అని చూస్తారు. వార్డులో నాలుగేళ్ళు రోగుల మంచాల పక్కన నిలబడినవారికి, ‘మీకు నచ్చిన పండుగను గూర్చి చెప్పండి’ అనే ప్రశ్నకంటే ఇది చేతికి అందినట్లు ఉండవచ్చును. ఈ సహోదరి ఆ దారి కూడా ఒకసారి ఆలోచించుకోవడం మంచిదని మా అభిప్రాయం. ఫీజు ఎక్కువ గనుక ముందు రెండు పరీక్షల మాదిరి ప్రశ్నలూ ఇంట్లో చేసి చూసుకుని, ఏది ఒంటికి పడుతుందో తేల్చుకున్నాకే డబ్బు కట్టండి.

జాతీయాలు నేర్చుకోవడానికి మన పాఠకులకు ఒక వీలు ఉంది. పరిశుద్ధ గ్రంథం చదివే ఇళ్ళలో పెరిగినవారికి ఇంగ్లీషు జాతీయాలు కొన్ని ముందే సగం తెలుసు. 1611లో వెలువడిన కింగ్ జేమ్స్ అనువాదమూ, దానికి ముందు విలియం టిండేల్ చేసిన అనువాదమూ ఇంగ్లీషు భాషలోకి ఎన్ని మాటలను దించాయంటే, ఆ గ్రంథం ఎన్నడూ తెరవనివారు కూడా బస్సులో, ఆఫీసులో అవే మాటలు వాడుతుంటారు. బెల్షస్సరు విందులో గోడ మీద వ్రాసిన చేతి కథ మనకు తెలుసు. ‘ద రైటింగ్ ఈజ్ ఆన్ ద వాల్’ అంటే, రాబోయే కీడు కళ్ళకు కడుతూనే ఉందని. యోబు తన దుర్దశ చెప్పుకుంటూ అన్న మాటలోంచి ‘బై ద స్కిన్ ఆఫ్ మై టీత్’ వచ్చింది. అచ్చంగా మన చావు తప్పి కన్ను లొట్టపోవడమే. ‘నేను ఆ బస్సు అందుకున్నది బై ద స్కిన్ ఆఫ్ మై టీత్’ అంటారు. రోమా సైనికుడు దారిన పోయేవాణ్ణి పట్టుకుని ఒక మైలు బరువు మోయించగలిగే రోజులలో, కొండ మీది ప్రసంగం రెండో మైలును గూర్చి చెప్పింది. ఇప్పుడు అడిగినదానికంటే ఎక్కువ చేసే నర్సును ‘షి గోస్ ది ఎక్స్‌ట్రా మైల్’ అని మెచ్చుకుంటారు. లేవీయకాండంలోని మేకకు టిండేల్ 1530లో పెట్టిన పేరు ‘స్కేప్‌గోట్’. ఇతరుల తప్పు మీద వేసుకుని బలి అయ్యేవాడికి నేటికీ అదే పేరు. 107వ కీర్తనలోని తుఫానులో ఓడవారికి దిక్కు తోచని స్థితినుండి ‘ఐ యామ్ ఎట్ మై విట్స్ ఎండ్’ వచ్చింది. పసిబిడ్డ రాత్రంతా ఏడిస్తే తల్లి అనే మాట అది.

కథ తెలిసినప్పుడు మాట మరచిపోము. ఏ చోట వాడాలో కూడా కథే చెబుతుంది. అయితే ఒక మాట, జాతీయాలు తీసుకోండి గాని ఆ పాత వ్యాకరణం తీసుకోకండి. పరీక్షకురాలిని ‘దౌ’ అని పిలిచి రాకండి!

తెలుగు సామెతలు, జాతీయాలు తెలిసినవారికి ఇంకో మేలు ఉంది. అమావాస్యకో పున్నమికో అన్నది ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’. గోడ మీద పిల్లిని వాళ్ళు కంచె మీద కూర్చోబెట్టి ‘ఆన్ ద ఫెన్స్’ అంటారు. సముద్రంలో కాకిరెట్ట అన్నది ‘ఎ డ్రాప్ ఇన్ ది ఓషన్’. ఇలా జతలు కలుపుకుంటే ఎక్కడ నవ్వుతూ అనాలో, ఎక్కడ అనకూడదో తెలుగు చెవే మనకు చెబుతుంది. జిల్లా కలెక్టరు గారితో ‘కాకిరెట్ట’ అంటామా? ఆలోచించుకుంటాము కదా. అదే ఆలోచన ఇంగ్లీషుకు కూడా.

ఈ పరీక్షల బాధ మనకే వచ్చిందని అనుకోకండి. ఒకప్పుడు తిరగలి ఇటువైపు తిరిగింది. కంపెనీ కాలంలో ఇక్కడికి వచ్చిన దొరలు మద్రాసులోని ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో కూర్చుని, మన పండితుల దగ్గర తెలుగు, తమిళం నేర్చుకుని, పరీక్షలు ఇచ్చిన తరువాతే జిల్లాలకు వెళ్ళేవారు. 1817లో మద్రాసు చేరిన సి.పి. బ్రౌన్ అలా నేర్చుకునే 1820లో కడప వెళ్ళాడు. కచేరీలో రైతు కడుపు మండి చెప్పుకునే మాట పుస్తకపు తెలుగుతో అర్థం కాదని ఆయనకు అక్కడ తెలిసింది. ముప్పై ఏళ్ళ తరువాత అచ్చయిన ఆయన నిఘంటువులో జనం నోటి పలుకుబడులు అన్ని ఉన్నాయంటే ఆశ్చర్యమేముంది? మన ఆస్పత్రులకు పరదేశం నుండి వచ్చిన మిషనరీ డాక్టరమ్మలకు కూడా ‘కడుపులో దేవుతోంది’, ‘కాళ్ళు పీకుతున్నాయి’, ‘గుండెల్లో మంటగా ఉంది’ అన్నవి ఏ పుస్తకమూ నేర్పి ఉండదు. మంచం పక్కన కూర్చుని నేర్చుకోవలసినవే.

కాబట్టి సహోదరీ, ఆ రెండు వందల పుస్తకం అవతల పెట్టండి. ఒక నోటు పుస్తకం తీసుకోండి. వారానికి నాలుగైదు మాటలు చాలు. ప్రతి మాట కింద అర్థం ఒక్కటే వ్రాయకండి. ఎవరు అన్నారు, ఎవరితో అన్నారు, నవ్వుతూనా, బాధతోనా అన్నది కూడా వ్రాసుకోండి. బి.బి.సి. లెర్నింగ్ ఇంగ్లిష్ వారి ‘ది ఇంగ్లిష్ వి స్పీక్’ అనే చిన్న కార్యక్రమంలో ఒక్కొక్క మాటను ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటుండగా వినిపిస్తారు. అలా విన్న మాట చెవిలో ఉంటుంది. లీడ్స్‌లో నవ్విన అక్కగారిని కూడా వదలకండి. నవ్వినందుకు పరిహారంగా వారానికి ఒక అరగంట ఫోనులో మీతో ఇంగ్లీషే మాట్లాడమనండి. తప్పు చెబితే అక్కడికక్కడే మొట్టికాయ వేయమనండి.

మీ అమ్మగారికి ఇంగ్లీషు రాదని వ్రాశారు. రానక్కరలేదు. రాత్రి భోజనాలయ్యాక ఆమెను మంచం మీద రోగిగా కూర్చోబెట్టండి. ఆమె తెలుగులోనే చెప్పుకోనివ్వండి. ‘అమ్మాయీ, కాళ్ళు తిమ్మిరెక్కాయే, నిన్నటినుంచీ ఒంట్లో నలతగా ఉందే, ఇందాక లేస్తే కళ్ళు తిరిగాయే’ అని. ఇంగ్లండులో ఒక పెద్దావిడ అదే మాట ఎలా అంటుందో మీరు ముందు పైకి అనండి. తరువాత నర్సుగా జవాబు చెప్పండి. నాన్నగారిని గడియారం పట్టుకుని కూర్చోమనండి. ఐదు నిమిషాలు కాగానే ఆయన గంట కొడతారు. అమ్మగారు మాత్రం అక్కడితో ఆపకపోవచ్చు. ఇన్నాళ్ళకు ఎవరో కూర్చుని అడుగుతున్నారు గనుక మోకాళ్ళ నొప్పుల సంగతి కూడా మొదలుపెడతారు. వినండి, దానికీ ఇంగ్లీషులోనే జవాబు చెప్పండి.